శిఖరం మీద పగులు

ఆ ఉదయం ప్రసూనకు రెండు వార్తలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఖుద్దూస్ సార్ మధ్యాహ్నానికల్లా క్యాంపుకు చేరుతున్నారన్నది మొదటిది. క్యాంపు పైన, కొండ నెత్తి మీద నేల చీలిందన్నది రెండోది.

మొదటి వార్త కోసం ఆమె ఆరేళ్లుగా ఎదురుచూస్తోంది. రెండోదాన్ని ఆమె నమ్మలేదు.

అది హిమాలయాల్లో ఒక ఇరుకు లోయ. కొండకు అడ్డంగా సొరంగం తవ్వుతున్నారు. ఏటి ఒడ్డున, కొండ పాదం దగ్గర రేకుల షెడ్లు. వాటిలో పాలమూరు నుంచి పనికొచ్చిన నలభై కుటుంబాలు. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వకూడదో, ఏ వాలు నమ్మదగినదో చెప్పే భూగర్భ శాస్త్రజ్ఞురాలు ప్రసూన. ఊరు ప్రొద్దుటూరు. రాయిని చదవడం కడప కాలేజీలో ఖుద్దూస్ సార్ దగ్గర నేర్చుకుంది.

ఆరేళ్లు ఆ కొండ మీద తిరిగి ఆమె పెద్ద గ్రంథం రాసింది. ఇండియా ఉత్తరానికి తోసుకుపోతుంటే భూమి పొరలు ముడుచుకుని, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, ఇంత ఎత్తు ఎట్లా లేచాయో అందులో ఉంది. చదివినవాళ్లంతా మెచ్చుకున్నారు. త్వరలో పుస్తకంగా రాబోతోంది. ఆమెకు మాత్రం ఇంకొక్క మనిషి మెప్పు కావాలి. "సార్, ఒక్కసారి వచ్చి నా కొండను చూడండి" అని ఆమె రాసిన ఉత్తరానికే డెబ్భై ఏళ్ల మనిషి అంత దూరం బయలుదేరి వస్తున్నాడు.

పగులు సంగతి తెచ్చింది కుర్మయ్య. అతను మేస్త్రీ. ఆఫీసు గడప దగ్గరే నిలబడి చెప్పాడు.

"కట్టెలకు పైకి పోయిన మేడం. నెత్తి మీద నేల ఇచ్చుకున్నది. గడ్డి కిందకెళ్లి కనవడలే. నా కాలు పిక్కల దాకా దిగింది."

"మంచుకు నేల అట్లా పగులుతుంది కుర్మయ్యా."

"మంచు పగులు నేను ఎరుగనా మేడం? మూడు చలికాలాలాయె ఇక్కడ."

"ఇది నలిగే కొండ. విచ్చుకునే కొండ కాదు. భయపడకు."

మూడు నెలల కింద ఆమె ఆ వాలు గురించి రిపోర్టు రాసి సంతకం పెట్టింది. 'వాలు నికరంగా ఉంది. కింద నివాసానికి అభ్యంతరం లేదు.' అంతదాకా ఏటి దిగువన ఉన్న షెడ్లు ఆ సంతకం మీదనే ఇక్కడ లేచాయి.

కుర్మయ్య తల ఊపి వెళ్లిపోయాడు.

*

ఖుద్దూస్ సార్ జీపు దిగేటప్పటికి మోకాలికి పట్టీ, భుజాన పాత సంచీ ఉన్నాయి. ఆమె ఆయన్ను టీ కూడా తాగనివ్వకుండా గోడ దగ్గరికి తీసుకుపోయింది. గోడ మీద ఎనిమిది అడుగుల కాగితం. కొండను కత్తితో నిలువునా కోస్తే లోపల ఎట్లా ఉంటుందో, పొర పొరా రంగులేసి గీసింది. మడతలు, మడతల మీద మడతలు. ప్రతి మడత పక్కనా లోపలికి తిరిగిన బాణాలు.

సార్ చాలాసేపు చూశారు.

"బొమ్మ బాగుంది పాపా" అన్నారు.

ఆమె ఇంకా ఏదో అంటారని నిలబడింది.

"ఇక కొండను చూద్దాం."

"ఇదే సార్ కొండ."

అప్పుడే కుర్మయ్య టీ తెచ్చాడు. సార్ అతనిది ఏ ఊరని అడిగారు, పిల్లలెందరని అడిగారు. అడిగినవాటికి జవాబులు చెప్పి కుర్మయ్య, అడగని దానికీ చెప్పాడు. పగులు గురించి.

సార్ టీ గ్లాసు కింద పెట్టారు. "ఎంత దూరం నాయనా?"

"రెండు గంటల ఎక్కుడు సార్. మీ మోకాలికి మూడు."

"అయితే ఇప్పుడే పోదాం."

*

పగులు శిఖరం పొడవునా, అంచుకు కాస్త ఇవతలగా, అరవై అడుగుల మేర పోయింది. వెడల్పు బెత్తెడు. దానికి కింది వైపున వాలు. వాలు కింద, దూరంగా, ఎండకు మెరుస్తున్న షెడ్ల రేకులు.

సార్ బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టారు. మట్టి తీసి వాసన చూశారు. పగులు మీదుగా అటూ ఇటూ పోయిన పొదల వేర్లు కొత్తగా బిగించిన మంచం నులకలా ఉన్నాయి. రెండు వేర్లు తెగి ఉన్నాయి. తెగిన చోట ఇంకా తెల్లగా ఉంది.

ప్రసూన కూడా చూసింది. చూసి, గొంతు కాస్త పెంచింది.

"సార్, ఇటు నుంచి ఇండియా తోస్తోంది. అటు టిబెట్ అడ్డంగా ఉంది. ఐదు కోట్ల ఏళ్లుగా మధ్యన ఇది నలుగుతోంది. రెండు వైపులా నొక్కుతున్నప్పుడు విచ్చుకోవడానికి చోటెక్కడుంది?"

సార్ లేచి మట్టి దులుపుకున్నారు. ఆమె వైపు చూడలేదు.

"కుర్మయ్యా, చెయ్యి ఇట్లా చాపు."

కుర్మయ్య చాపాడు. సిమెంటుకూ చలికీ ఎండి, గరుకు తేలిన చెయ్యి. వేళ్ల కణుపుల మీద సన్నటి నల్లగీతలు.

"పిడికిలి బిగించు."

బిగించాడు. అరచేతిలో చర్మం ముడతలు పడి ఒకదాని మీదికి ఒకటి ఎక్కింది. పైన కణుపుల మీద చర్మం సాగి తెల్లబడింది. నల్లగీతలు నోళ్లు తెరిచాయి. ఒకదానిలోంచి రక్తం బొట్టు పైకి తేలింది.

"చాలు నాయనా, వదిలెయ్." సార్ తన రుమాలుతో ఆ రక్తం తుడిచారు.

ప్రసూన మొహం తిప్పుకుంది. "చెయ్యి వేరు, కొండ వేరు సార్."

"అవును, వేరే" అన్నారు సార్. సంచీలోంచి చిన్న పెట్టె తీశారు. అందులో గాజు పలకలు. రాతిని పలుచగా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద చూడటానికి అతికించే పలకలు. కుర్మయ్య తెచ్చిన సిమెంటు, తొందరగా గట్టిపడే రకం, నీళ్లతో కలిపారు. మూడు పలకలను పగులుకు అడ్డంగా, సన్నగా ఉన్న చోట్లు వెతికి, అటు రాయికీ ఇటు రాయికీ అతికించారు.

"పోదాం" అన్నారు. "రేపు వస్తే గాజే చెబుతుంది."

*

మర్నాడు పొద్దున వెళ్లేటప్పటికి మూడింట్లో రెండు పగిలి ఉన్నాయి.

"చలికి సిమెంటు బిగుసుకుని లాగుంటుంది సార్" అంది ప్రసూన.

సార్ కాదనలేదు. పెట్టె ఆమె చేతిలో పెట్టారు. "నువ్వు అతికించు. నీకు నమ్మకం కుదిరేటట్లుగా."

ఆమె నాలుగు పలకలు తీసుకుంది. రెండింటిని పగులుకు అడ్డంగా అతికించింది. రెండింటిని పక్కనే, చీలిక లేని రాతి మీద అతికించింది. అదే సిమెంటు, అదే గాలి, అదే చలి. చలిదే తప్పయితే నాలుగూ పగలాలి. మనసులో కోపం ఎంతున్నా, ఆ పని మాత్రం ఆమె శుభ్రంగా చేసింది. చేసి, అడుగు దూరంలో కూర్చుంది.

కుర్మయ్య చుట్ట వెలిగించాడు. సార్ కాస్త చదునుగా ఉన్న చోట తువ్వాలు పరిచి నమాజు చేసుకున్నారు. గాలి తప్ప చప్పుడు లేదు.

కూర్చుని ఉండగా ప్రసూనకు తన పాత నోటుపుస్తకాలు గుర్తుకొచ్చాయి. ఈ శిఖరానికి దగ్గర్లో పదకొండు చోట్ల పొరలు నలగలేదు. పిండి ముద్దను రెండు చేతులా లాగినట్లు సాగి, సన్నబడి, తెగి ఉన్నాయి. కింద ఒక్కటి, నడుమ మూడు, పైకి పోయేకొద్దీ ఎక్కువ. ఆమె అవన్నీ చూసింది. కొలిచింది కూడా. గ్రంథం రాసేటప్పుడు మాత్రం వాటిని చివరి పేజీల్లోకి తోసి, 'స్థానికం, ముఖ్యం కాదు' అని ఒక్క ముక్క రాసింది. అవి లేకపోతే బొమ్మ అందంగా వచ్చింది.

మధ్యాహ్నం రెండు దాటాక, టిక్ మని చిన్న చప్పుడయింది.

ముగ్గురూ కదలలేదు. ఇంకాసేపటికి మరో చప్పుడు.

పగులుకు అడ్డంగా ఉన్న రెండు పలకలూ నడిమికి విరిగాయి. పక్క రాతి మీదివి రెండూ ఎండలో తళతళలాడుతున్నాయి. ప్రసూన వాటినే చూస్తూ కూర్చుంది. అవీ పగిలితే బాగుండునని కోరుకుంది. అట్లా కోరుకుంటున్నానని ఆమెకు తెలిసింది.

లేచింది.

"సార్, కింద నలభై ఇళ్లున్నాయి."

"నా మోకాలు పట్టేసింది పాపా. కుర్మయ్య నన్ను దింపుతాడు. నువ్వు పో."

*

క్యాంపు మేనేజరు ఠాకూర్ ఆ కొండల మనిషే. చెడ్డవాడు కాదు. ఆమె చెప్పిందంతా విని, బీరువాలోంచి రిపోర్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ సంతకమే కదా మేడం?"

"నాదే."

"ఇందులో వాలు నికరంగా ఉందని ఉంది."

ఆమె పెన్ను తీసింది. ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. 'నేను రాసింది తప్పు. వాలు కదులుతోంది' అని రాసి, తేదీ, గంట వేసి, కింద మళ్లీ సంతకం పెట్టింది.

ఠాకూర్ ఆ కాగితం వైపు చూశాడు. "ఎప్పుడు పడుతుంది?"

"తెలియదు."

"పడటం ఖాయమేనా?"

"అదీ తెలియదు. కదులుతోందన్నది మాత్రం తెలుసు."

షెడ్ల దగ్గర ఇంకా కష్టమయింది. ఏటికి అవతల గట్టి రాతి మెట్ట ఉంది. ఇనుప వంతెన దాటి అక్కడికి పోవాలి. చీకటి పడకముందే పోవాలి. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. కుర్మయ్య భార్య మణెమ్మ, చంకలో నాలుగు నెలల బిడ్డతో ఎదురొచ్చింది.

"మూడు నెలల కింద ఏం గాదన్నది మీరే గదా మేడం?"

"అన్నాను మణెమ్మా. తప్పు అన్నాను."

మణెమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఒక క్షణం. తర్వాత వెనక్కి తిరిగి, పొయ్యిలో నీళ్లు పోసి, గిన్నె ఎత్తుకుంది. ఆమెను చూసి పక్క షెడ్డు వాళ్లు లేచారు. ఆ పక్క వాళ్లూ లేచారు.

*

ఆ రాత్రి కొండ పడలేదు. మర్నాడూ పడలేదు.

మెట్ట మీద టార్పాలిన్ల కింద జనం చలికి వణికారు. పిల్లలకు దగ్గు పట్టుకుంది. అవతలి ఒడ్డున షెడ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. ఎండ కాచింది. సాయంత్రానికి కొందరు నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ప్రసూన చెవిన పడింది.

మూడో రోజు పొద్దున ఠాకూర్ వచ్చాడు. కంపెనీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. పని ఆగి రెండు రోజులయింది. పై నుంచి తనిఖీ కమిటీ మరుసటి రోజు వస్తోంది. అతను ప్రసూనను దాటుకుని నేరుగా ఖుద్దూస్ సార్ దగ్గరికి పోయాడు.

"మీరు ఈమెకు గురువు. మీరు చెప్పండి సార్. వెనక్కి పోవచ్చా, పోకూడదా?"

సార్ రాయి మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నారు.

"కొండ ఆమెది. ఆమెనడగండి."

ప్రసూన ఉలిక్కిపడి సార్ వైపు చూసింది. సార్ తల ఎత్తలేదు.

అప్పటికే ఇరవై మంది సామాన్ల కోసమని వంతెన వైపు నడుస్తున్నారు. ఆమె పరుగెత్తి వంతెన మొదట్లో నిలబడింది. ముందున్న మనిషి ఆగాడు.

"జరుగున్రి మేడం. మా బట్టలు, బియ్యం అన్ని ఆడనే ఉన్నయి."

"ఈ ఒక్క రోజు ఆగండి."

"నిన్న గూడ గదే అన్నరు."

"అన్నాను."

"రేపు గూడ గదే అంటరు."

రేపు కూడా అదే అనవలసి రావచ్చు. ఎల్లుండీ అనవలసి రావచ్చు. కమిటీ ముందు తన తప్పు రిపోర్టూ, పడని కొండా రెండూ ఉండొచ్చు. చేతులు రెండు పక్కలా ఇనుప కడ్డీలను పట్టుకుని ఉన్నాయి.

కుర్మయ్య గుంపులోంచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. వెనకనుంచి మణెమ్మ వచ్చింది. వంతెన చెక్కల మీద నడుమ కూర్చుంది. బిడ్డను ఒళ్లో వేసుకుని పాలు పట్టసాగింది.

పాలిచ్చే తల్లిని దాటి పోవడానికి ఎవరికీ కాలు రాలేదు. ముందున్న మనిషి గొణుక్కుంటూ అక్కడే గొంతుకూర్చున్నాడు.

గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. ఠాకూర్ ఫోను మోగుతూనే ఉంది.

పదకొండు దాటాక కొండ మీది నుంచి గులకరాళ్లు దొర్లిన చప్పుడు వినిపించింది. తరువాత పక్షులన్నీ ఒక్కసారే లేచాయి. అందరూ తలలెత్తారు. శిఖరం అంచు, పొదలతో, గడ్డితో, ఉన్నపళంగా కిందికి కూర్చుంది. బరువు మోసి మోసి అలిసిన మనిషి కూలబడినట్లు కూర్చుంది. ఆ వెనక వాలు మొత్తం కదిలింది. చప్పుడు ఆలస్యంగా వచ్చింది. వచ్చాక చాలాసేపు ఆగలేదు.

దుమ్ము ఏటి మీదుగా వచ్చి వాళ్లను కమ్మేసింది. మణెమ్మ బిడ్డ మొహం మీద కొంగు కప్పింది.

దుమ్ము తగ్గాక చూస్తే అవతలి ఒడ్డున షెడ్లు లేవు. ఒక రేకు అంచు మాత్రం మట్టిలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంది.

కుర్మయ్య పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకూ ఒక్కో గొంతు పలికింది. పిలవడం పూర్తయ్యేదాకా ప్రసూన పేర్లు లెక్కపెట్టుకుంది. అందరూ ఉన్నారు.

అప్పుడు గానీ ఆమె కడ్డీల మీది నుంచి చేతులు తియ్యలేకపోయింది.

*

మరునాడు కమిటీ వచ్చింది. ఠాకూర్ రెండు చేతులూ జోడించి ఆమె గురించి చెప్పాడు. వచ్చిన పెద్దమనుషులు ఆమెను మెచ్చుకున్నారు. జరిగింది నాలుగు మాటల్లో రాసిమ్మన్నారు.

"మీ పరిశోధన వల్లే ముందుగా పసిగట్టారని రాయండి మేడం" అన్నాడు ఠాకూర్ పక్కనుంచి. "మీకూ మంచిది, మాకూ మంచిది."

ప్రసూన పెన్ను తీసుకుంది. టార్పాలిన్ బయట సార్ సంచీ సర్దుకుంటున్నారు.

ఆమె రాసింది: 'పగులును మొదట చూసినది మేస్త్రీ కుర్మయ్య. ఆయన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. శిఖరం దగ్గర పొరలు సాగిన ఆనవాళ్లు పదకొండు చోట్ల నేను ఈ ఆరేళ్లలో చూశాను. పక్కన పెట్టాను.'

ఠాకూర్ అది చదివి, కాగితాన్ని కమిటీ వైపు జరిపాడు.

జీపు దాకా సార్‌ను సాగనంపడానికి ఆమె వెంట నడిచింది. ఎదురుగా కొండ, నెత్తి దగ్గర తోలు ఊడినట్లు, కొత్తగా, తెల్లగా కనిపిస్తోంది. సార్ ముందు సీట్లోకి మెల్లగా ఎక్కి, మోకాలు సర్దుకున్నారు.

"సార్, అచ్చుకు పంపింది వెనక్కి తెప్పించుకుంటున్నాను."

"ఊఁ."

"ఆరేళ్లు సార్. నేను రాసిందంతా అబద్ధమేనా?"

"అబద్ధం ఎందుకవుతుంది? నలుగుతున్నది నిజమే. పిడికిలి పైన చర్మం సాగిందీ నిజమే."

"మరి?"

డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. సార్ కిటికీలోంచి చెయ్యి చాచి, కాలేజీలో పరీక్షలకు పంపేటప్పటిలాగా, ఆమె తల మీద పెట్టారు.

"కొండ కవలల్ని కన్నది పాపా. నువ్వు ఒక బిడ్డనే ఎత్తుకున్నావు."